నలభై ఏడో నంబరు సిగ్నల్

రోడ్డు దాటడానికి దిగడం ప్రతి పౌరుడి హక్కు అనీ, అవతలికి చేరడం మాత్రం అతని వ్యక్తిగత సామర్థ్యమనీ సూరత్ సురక్షిత వీధుల ఉపసంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. (సమావేశం మూడో అంతస్తులో జరిగింది. అక్కడ రోడ్డు లేదు.)

ఆ సామర్థ్యం గంగారాంకు పుష్కలంగా ఉంది. పన్నెండేళ్లుగా సైకిల్ మీద, సిగ్నల్ లేని ఒక కూడలిలో రోడ్డు దాటి, సలాబత్‌పురా వైపు మరమగ్గాల షెడ్డులో సాంచాలు నడుపుతున్నాడు. పొద్దున ఏడింటికి గేటు మూస్తారు. ఆలస్యమైతే అతని సాంచాలు ఇంకొకరి చేతికి పోతాయి.

సాంచాల చప్పుడులో మాట వినబడదు కనుక షెడ్డులో అన్నీ సైగలే. అరచెయ్యి ఎత్తితే ఆపమని అర్థం. ఒకరోజు తొందరలో, అలవాటు కొద్దీ, నడిరోడ్డు మీద అరచెయ్యి ఎత్తాడు. సిటీ బస్సు ఆగింది. ముగ్గురెక్కిన స్కూటీ ఆగింది. రాంగ్ సైడులో వస్తున్న టెంపో సైతం సిగ్గుపడి ఆగింది.

ఉపసంఘం సలహాదారు సుజిత్ అది చూశాడు. సూరత్ అడాజన్‌లో పెరిగిన తెలుగు కుర్రాడు, మూడేళ్లుగా ఆ కూడలిలో సిగ్నల్ పెట్టించే పనిలో ఉన్నాడు. (స్తంభం వచ్చింది. దీపం ఇంకా టెండరులో ఉంది.)

"కాకా, ఏక్‌దమ్ మస్త్. రేపు కూడా ఇట్లనే ఆపండి, ఫొటో తీస్తా."

"తీసుకో బిడ్డా. జర జల్ది, ఏడింటికి గేటు బందైతది."

ఫొటో ఫైలెక్కింది. నాలుగో రోజుకల్లా ఉత్తర్వు వచ్చింది: 'కూడలిలో సిగ్నల్ అమర్చడమైనది. నంబరు 47. కరెంటు ఖర్చు లేదు.' గంగారాం చొక్కాకు నంబరు బిళ్ల తగిలించి, సైకిల్‌ను అనుబంధ సామగ్రిగా స్తంభానికి కట్టి సీలు వేశారు.

ఆ పొద్దున బడి పిల్లలను, పాలవాళ్లను, ఒక ఆవును దాటించి, ఏడుకు ఐదు నిమిషాలుండగా గంగారాం తానూ అడుగు వేశాడు. సుజిత్ అడ్డొచ్చాడు.

"నహీ కాకా. సిగ్నల్ రోడ్డు దాటకూడదు. రూల్ పదకొండు."

"నేను మనిషిని గదా బిడ్డా."

"ఫైల్లో కాదు కాకా. కదిలితే ప్రభుత్వ ఆస్తిని పాడుచేసిన కేసు అయితది."

"మరి నా సాంచాలు?"

సుజిత్ నిజంగానే నొచ్చుకున్నాడు. బదిలీ దరఖాస్తు పెట్టుకోమన్నాడు. (స్తంభాల బదిలీకి వేరే ఉపసంఘం ఉంది.) అవతల గేటు మూసుకుంది. గంగారాంకు ఏడుపొచ్చింది గానీ చెయ్యి దించలేదు. మధ్యలో ఒక ముసలమ్మ ఉంది.

వారం తిరిగేసరికి అతని సాంచాలు రాజనర్సు అనే మరో కార్మికుడికి ఇచ్చారు. రాజనర్సు రోజూ నిశ్చింతగా, క్షేమంగా నడిచి రోడ్డు దాటి డ్యూటీకి పోతున్నాడు. గంగారామే చెయ్యెత్తి దాటిస్తున్నాడు.

నెలాఖరున ఉపసంఘం నివేదిక విడుదల చేసింది. ఆ రోడ్డు మీద సైకిలిస్టులకు ప్రమాదం పూర్తిగా తొలగిపోయింది. పోయిన నెల ఒక్క సైకిలిస్టు ఉండేవాడు, ఈ నెల ఎవరూ లేరు.