మామగారికి కొట్టిన హారన్

మామగారిని ఉదయం పదింటికల్లా కరెంటు దహనవాటికకు చేర్చాలి. ఆ రోజుకి అనుకున్న పని అదొక్కటే. ఆస్పత్రి మార్చురీ నుంచి అక్కడికి పెద్ద దూరం కూడా కాదు. రెండు సిగ్నళ్ళు, ఆ తర్వాత మధ్యలో గుండ్రటి దిమ్మె కట్టిన పెద్ద సర్కిల్, అది దాటితే వాటిక. అయితే అక్కడి ఆపరేటరు ఫోనులో ఖండితంగా చెప్పేశాడు. వేళకి రాకపోతే ఆ వంతు వెనకవాళ్ళకి పోతుంది, మళ్ళీ సాయంత్రం దాకా ఖాళీ లేదు. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఏర్పాట్లన్నీ అల్లుడు తన చేతుల్లోకి తీసుకున్నాడు.

అల్లుడు నీటి సరఫరా ఆఫీసులో సూపరింటెండెంటు. మంచివాడే. ఇంట్లో గొంతు పెంచి ఎరగడు, ఆఫీసులో బంట్రోతును కూడా మీరు అంటాడు. స్టీరింగు ముందు కూర్చుంటే మాత్రం మరో మనిషి. సిగ్నల్ దగ్గర పచ్చదీపం వెలగడమేమిటి, అతని చెయ్యి హారన్ మీద పడడమేమిటి. సర్కిల్‌లో ఎవరికీ దారి ఇవ్వడు, ఇస్తే అలుసైపోతామంటాడు. ఎటు తిరుగుతున్నాడో తెలిపే దీపం ఎన్నడూ వెయ్యడు. మనం ఎటు పోతున్నామో ఊళ్ళోవాళ్ళకెందుకని అతని వాదన. మామగారు సిటీ బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. అల్లుడి డ్రైవింగు ఎలా ఉంటుందని ఎవరడిగినా మాట మార్చేసేవారు.

మామగారిని ఎక్కించిన వ్యానులో పెట్టె పక్కన ఒక్కరికే చోటుంది. బావమరిది ఎక్కబోతే అత్తగారు వద్దని తానే ఎక్కి కూర్చుంది. దాంతో అతను వచ్చి అల్లుడి కారులో ముందు సీటులో చేరాడు. భార్య వెనక కూర్చుంది. చుట్టాల కార్లు నాలుగు వరసగా నిలబడ్డాయి. అల్లుడు ఒక్కొక్క కారు దగ్గరికీ వెళ్ళి తన వెనకే రావాలని, తను వ్యాన్ వెనకే ఉంటాడు కాబట్టి తప్పిపోయే మాటే లేదని చెప్పి వచ్చాడు.

మొదటి సిగ్నల్ దగ్గర పచ్చదీపం వెలిగింది. వ్యాన్ కదల్లేదు. దాని ముందు ఒక ముసలాయన చేతికర్ర ఆనించుకుంటూ ఇంకా రోడ్డు దాటుతున్నాడు. వ్యాన్ అడ్డం ఉండడంతో ఆయన అల్లుడికి కనిపించలేదు. అతని చెయ్యి దానంతటదే హారన్ మీద పడింది. పొడుగ్గా కొట్టాడు. వెనక కార్లలోని చుట్టాలు అది విని, పోయిన మనిషికి ఇదొక మర్యాద కాబోలనుకుని తలా ఒకటి కొట్టారు. వాళ్ళ వెనక ఏ సంబంధమూ లేనివాళ్ళు ఎవరి కారణాలతో వాళ్ళు అందుకున్నారు.

వ్యాన్ డ్రైవరు కంగారుగా దిగి వచ్చాడు. "ఏమైంది సార్? వెనక తలుపు ఊడిందా?"

"అదేం లేదు. లైటు పడింది."

డ్రైవరు తల తిప్పి చూశాడు. "పడి, పోయింది కూడా సార్," అన్నాడు.

ఎర్రదీపం మళ్ళీ వచ్చేసింది.  కారు వెనక సీటులోంచి భార్య గొంతు మెల్లగా వినిపించింది.

"ఆ బండిలో ఉన్నది మా నాన్న. మీరు హారన్ ఎవరికి కొట్టారు?"

 అల్లుడి సిగ్గు కాస్తా డ్రైవరు మీద అధికారంగా మారింది. తమ కోసం చూసుకోవద్దని, దీపం పడగానే లాగించమని, వేళ తప్పితే బాధ్యత అతనిదేనని గట్టిగా చెప్పి పంపాడు. డ్రైవరు చెప్పిన మాట వినే మనిషి. రెండో సిగ్నల్ దగ్గర పచ్చదీపం పడగానే వ్యాన్ బాణంలా దూసుకుపోయింది. దాని వెనకే అల్లుడు కదలబోతుంటే పక్కరోడ్డులోంచి ఎర్రదీపాన్ని లెక్కచెయ్యకుండా ఒక లారీ వచ్చి నడిమధ్యలో ఇరుక్కుంది. సిగ్నల్ అంటే బొత్తిగా లెక్కలేని జనం పెరిగిపోయారని అల్లుడు కిటికీలోంచి తల బయటపెట్టి లారీవాడికి చెప్పవలసినదంతా చెప్పాడు. చెప్పి తల లోపలికి తీసుకునేసరికి వ్యాన్ కనుచూపు మేరలో లేదు.

సర్కిల్‌లోకి అతను ఎప్పటిలాగే ఎవరినీ చూడకుండా జొరబడ్డాడు. నాలుగు కార్లూ అతని తోక పట్టుకుని జొరబడ్డాయి. అంతా బాగానే ఉంది కాని, పడింది లోపలి వరసలో. దహనవాటిక రోడ్డు వచ్చింది. బయటికి తిరగాలంటే పక్క వరసవాళ్ళు దారి ఇవ్వాలి. ఆ పూట సర్కిల్‌లో అందరూ అతని సిద్ధాంతం వాళ్ళే. భార్య కిటికీ దించి చెయ్యి ఊపి బతిమాలింది. వాళ్ళు చూపు తిప్పకుండా ముందుకే చూస్తూ పోయారు.

"బావా, అదే మన రోడ్డు," అన్నాడు బావమరిది. అది వెళ్ళిపోయింది. ఇంకో చుట్టు తిరిగాక, "బావా, మళ్ళీ వచ్చింది," అన్నాడు. అదీ వెళ్ళిపోయింది. వెనక కార్లలోవాళ్ళకి ఇతను ఎటు తిరగదలిచాడో తెలిసే దారి లేదు. దిమ్మె చుట్టూ వాళ్ళూ తిరుగుతున్నారు. రెండో కారులోని పినమామగారు ఫోను చేసి, ఇలా ఎన్ని చుట్లు తిరగాలని భక్తిగా అడిగాడు.

అంతలో మామగారి బండిలాంటి తెల్ల వ్యాన్ ఒకటి సర్కిల్‌లోంచి పక్క రోడ్డులోకి దిగుతూ కనిపించింది. అల్లుడికి ప్రాణం లేచొచ్చింది, అటునుంచీ దారి ఉంది కాబోలనుకున్నాడు. ఒక కారుకి అడ్డంపడి, ఇంకో కారువాడి చేత తిట్టించుకుని దాని వెనక పడ్డాడు. వ్యాన్ ఒక పెద్ద ప్రహరీగోడ దాటి లోపలికి వెళ్ళింది. ఆవరణలో పొడుగాటి గొట్టం, దాని చివర పొగ. ఇక అనుమానించడానికి ఏముంది? అందరూ దిగి, తలలు వంచుకుని, వ్యాన్ వెనక వరసగా నిలబడ్డారు. తలుపులు తెరుచుకున్నాయి.

లోపల తెల్లటి మూటలు. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ అది. ఎవరూ ఏమీ అనేలోపలే, మామగారి అక్కగారు చూపు సరిగా ఆనక ముందుకెళ్ళి చేతిలోని పూలు మొదటి మూట మీద పెట్టి, తమ్ముడూ అంటూ భోరుమంది. ఆవిణ్ణి చూసి ఇంకో ఇద్దరు ఏడుపు ఆపుకోలేకపోయారు. లాండ్రీ మనిషి కాసేపు చూసి, ఈ మూట విడిగా ఉతకాలా అని మర్యాదగా అడిగాడు.

 తిరుగుదారిలో లాండ్రీ రోడ్డు చివరి సిగ్నల్ దగ్గర ఆగగానే బావమరిది తలుపు తీశాడు. అప్పటికీ అతను ఒక్క పరుషమైన మాట అనలేదు. "నాన్న మొహం ఇంకోసారి చూడాలి బావా. నేను నడిచిపోతాను," అని దిగి, నడవలేదు, పరుగెత్తాడు. పచ్చదీపం వెలిగింది. ముందు కారు కదల్లేదు. అల్లుడి చెయ్యి లేచింది కాని, అద్దంలో భార్య కళ్ళు కనబడగానే కిందికి దిగిపోయింది. వెనకవాళ్ళు అతన్ని హారన్లతో చెవులు చిల్లులు పడేలా తిట్టారు. సర్కిల్ దగ్గర అతను ఆగి, జీవితంలో మొదటిసారి పక్కకి తిరిగే దీపం వేసి, దారి ఇస్తారని చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ ఇవ్వలేదు. బావమరిది చొక్కా చెమటకి తడిసి ఒంటికంటుకుపోయింది. అతను దిమ్మె ఎక్కి అవతలికి దూకి, ఇటు చూడకుండానే వెళ్ళిపోయాడు.

అల్లుడు చేరేసరికి దహనవాటికలో అంతా అయిపోయింది. గోడవార బెంచీ మీద అత్తగారు కూర్చుని ఉంది. పక్కన వ్యాన్ డ్రైవరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బావమరిది ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. కాస్త ఆగమని అడిగి ఉండాల్సిందమ్మా అని అతను పదేపదే అంటుంటే, ఆవిడ అతని తల నిమురుతూ కూర్చుంది. అల్లుడు దూరంగా, గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఏ మాట పడినా తల వంచుకుని పడాలని దారిలోనే అనుకున్నాడు.

"ఆగుతానని ఆ ఆపరేటరు అబ్బాయి తనే అన్నాడురా," అంది అత్తగారు. "నేనే కానిచ్చెయ్యమన్నాను."

"ఎందుకమ్మా?" అంది కూతురు.

"మీ నాన్న బస్సు నడిపినన్నాళ్ళూ ఆయన వెనక ఊరంతా ఉండేది. ఇంటికొస్తే మీరుండేవాళ్ళు. ఇవాళ దారి పొడుగునా మేమిద్దరమే. చెప్పాలనుకున్నవన్నీ చెప్పాను. కొంచెం తిట్టాను కూడా." ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత గుమ్మం వైపు చూసింది. "మీరు డ్రైవర్ని తరమబట్టి కుదిరింది అల్లుడుగారూ. లేకపోతే అందరూ వచ్చేసేవారు."

తిట్లకి సిద్ధపడి వచ్చిన అతనికి ఆ మెచ్చుకోలు ఎలా తీసుకోవాలో తెలియలేదు. భార్య అతని పక్కనుంచే నడిచి వెళ్ళి తమ్ముడి పక్కన నేల మీద కూర్చుంది. అతను కారు శుభ్రంగా తుడిచి, వెనక తలుపు తెరిచి పట్టుకుని అత్తగారి కోసం నిలబడ్డాడు. ఆవిడ కారు దాకా వచ్చింది, లోపలికి ఒకసారి చూసింది, వెనక్కి తిరిగి ఖాళీ వ్యానులో డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంది.

ఆ బండిలో ప్రయాణం చాలా సుఖంగా ఉంటుందని, పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆవిడ నెల్లాళ్ళపాటు చెప్పింది.