స్తంభం నుంచి ఆరో ప్లాటు

ఆ ఆదివారం మట్టయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. నల్లా ఆగేలోపు రెండు బిందెలు నింపడం, తల్లి బుచ్చవ్వను దవాఖానకు తీసుకుపోయి దగ్గుమందు ఇప్పించడం, వచ్చేటప్పుడు అర్ధకిలో బోటీ తెచ్చుకోవడం. బిందెలు నిండాయి. డాక్టరు మాత్రం మందు రాయకుండా అతన్ని పక్కకు పిలిచి, "ముసలమ్మ ఏది అడిగితే అది పెట్టండి. పది రోజులు, మహా అయితే పదిహేను," అన్నాడు. బోటీ సంగతి మట్టయ్యకు మళ్లీ గుర్తు రాలేదు.

మట్టయ్య బస్సు డిపోలో టైర్ల మెకానిక్. నల్లగొండ జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో చక్రపాణి ఇంట్లో ఒక గది, ఒక వంటిల్లు కిరాయికి తీసుకుని నాలుగేళ్లయింది. డాక్టరన్న మాట భార్య రాములమ్మ చెవిలో చెప్పాడు. ఆమె గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు వరండాలో పేపరు చదువుకుంటున్న ఇంటి ఓనరు చక్రపాణికి వినపడింది.

"ఏమనుకోకు మట్టయ్యా," అన్నాడు చక్రపాణి, ఎంతో నొచ్చుకుంటూ. "పోయిన గడియల నక్షత్రం మంచిది కాకపోతే ఇల్లు ఆర్నెల్లు మూసిపెట్టాలె. ఆడపిల్లలున్నోణ్ని, నేనేడికి పోవాలె? అవ్వను జర ఎక్కడికన్న..."

"ఎక్కడికన్న అంటే ఏడికి సార్? ఊళ్ల ఇల్లు కూలి మూడేండ్లాయె."

"అదే... జర ఆలోచించు."

బుచ్చవ్వ లోపలి నుంచి అంతా విన్నది. కిందటి వానాకాలం పక్క గల్లీలో కిరాయికుండే ఒకాయన పోతే, ఇంటి ఓనరు లోపలికి రానివ్వలేదు. శవాన్ని రోడ్డు వారగా బల్ల మీద పెట్టి, ఇద్దరు గొడుగులు పట్టుకుని నిలబడ్డారు. కిటికీలోంచి అది చూసిన నాటి నుంచి బుచ్చవ్వ చావుకు భయపడడం మానేసి వానకు భయపడుతోంది.

"కొడుకా, నన్ను రోడ్డు మీద పెట్టకురా," అన్నది. "మన జాగల పండవెట్టు. ఉత్త రేకుల కిందనైనా మంచిదే."

మట్టయ్యకు కళ్లనీళ్లు తిరిగాయి. జాగా అయితే ఉంది. ఊళ్లో ఎకరం అమ్మి, ఎల్బీనగర్ అవతల ఆముదం చేలల్లో వేసిన కాలనీలో నూటయాభై గజాలు కొన్నాడు. కొన్ననాడు చూసిందే, మళ్లీ అటు పోలేదు. హద్దురాళ్లను బట్టలుతుక్కోవడానికి ఎవరో ఎత్తుకుపోయారని విన్నాడు. అయినా అతనికి గుర్తు గట్టిగానే ఉంది: కరెంటు స్తంభం నుంచి ఆరో ప్లాటు. రాళ్లంటే పోతాయి గానీ స్తంభం ఎక్కడికి పోతుంది?

మర్నాడే మేస్త్రీ జానయ్యను వెంటబెట్టుకుపోయి, స్తంభం దగ్గర నిలబడి అడుగులు లెక్కపెట్టి ఆరో ప్లాటు చూపించాడు. నాలుగు గోడలు, పైన రేకులు, నాలుగు రోజుల పని అన్నాడు జానయ్య. నాలుగేళ్లుగా ఒక్క బకెట్టు నీళ్లు ఎక్కువ వాడనివ్వని చక్రపాణి, తన పాత ప్రహరీ ఇటుకలు బండికెత్తించి ఊరికే పంపాడు. ఇంత దయగల మనిషిని ఇన్నాళ్లూ అపార్థం చేసుకున్నామని రాములమ్మ బాధపడింది.

ఇల్లు కట్టి చూడమని పెద్దలు ఊరికే అనలేదు. కానీ పోబోయే మనిషి కోరికల ప్రకారం కట్టి చూడమని మాత్రం వాళ్లు కూడా అని ఉండరు. గోడలు లేస్తున్నాయని వినగానే బుచ్చవ్వ గిన్నెడు గంజి తాగింది. "గడప కట్టెది వెట్టించు బిడ్డా. గడప లేకుంటె పసుపు ఏడ రాస్తరు?" అన్నది. ఆఖరి కోరిక కదా అని టేకు గడప పెట్టించారు. టేకు గడపకు రేకు తలుపేమిటని జానయ్య చెక్క తలుపు చేయించాడు. రెండు రోజులకు మళ్లీ ఆఖరి కోరిక: "అరుగు లేకుంటె వచ్చినోళ్లు ఏడ కూసుంటరు?" అరుగు వచ్చింది. అరుగు మీద ఎండ పడుతోందని పందిరి వచ్చింది. పన్నెండో రోజున ఇంటి సామానుతో పాటు రిక్షాలో తెచ్చి పడుకోబెట్టిన బుచ్చవ్వ, పదిహేనో రోజున లేచి అరుగు మీద కూర్చుంది. నెల తిరిగేసరికి చీపురు పట్టి వాకిలి ఊడ్చింది. మట్టయ్య సంబరం పట్టలేక డిపోలో అందరికీ మిఠాయి పంచాడు.

ప్లాట్లు చూసుకోవడానికి వచ్చేవాళ్లందరినీ బుచ్చవ్వ కేకేసి మంచినీళ్లిచ్చేది. రెండో నెల చివర, ఒక ఆదివారం, గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చిన జోగారావు అనే గుమాస్తా అలాగే ఆ అరుగు మీద కూర్చున్నాడు. నీళ్లు తాగి, చంకలోంచి లేఅవుటు కాగితం తీసి, వీధిని చూశాడు, కాగితాన్ని చూశాడు, తను కూర్చున్న అరుగును చూశాడు. తర్వాత మట్టయ్యను పందిరి అవతలికి పిలిచాడు.

"ఏమయ్యా, మీరు కాపురముంటున్నది నా ప్లాటులో!"

"లేదు సార్. స్తంభం నుంచి ఆరోది..."

"ఆ స్తంభాన్ని నిరుడు రెండు ప్లాట్లు ఇవతలికి జరిపించారు, ఎవరి గేటుకో అడ్డమని! మీది అదిగో, ఆ ముళ్లకంప."

మట్టయ్య తన కాగితాలు తెచ్చి పక్కన పెట్టి చూశాడు. జోగారావు చెప్పింది నిజమే.

"తప్పయింది సార్. అవ్వకు మాత్రం చెప్పకుండ్రి. తన ఇల్లే అనుకుంటున్నది."

"మరి ఖాళీ చేసేదెప్పుడు?"

"డాక్టరు పదిహేను రోజులే అన్నడు సార్."

"ఎప్పుడన్నాడు?"

"రెండు నెలల కింద."

జోగారావు గొడుగు నేలకేసి కొట్టాడు. "నేనూ అద్దె కొంపలోనే ఏడుస్తున్నానయ్యా! ఆవిడ పోయేదాకా కాచుకు కూర్చోమంటావా?"

"జర ఆగుండ్రి సార్," అన్నాడు మట్టయ్య. అన్నాక, తను గడువు అడుగుతున్నది దేనికో తట్టి తల దించుకున్నాడు.

అప్పటి నుంచి జోగారావు ప్రతి ఆదివారం వచ్చి చూసేవాడు. బుచ్చవ్వ అరుగు మీద కనిపించగానే పెద్దగా నిట్టూర్చేవాడు. ఆమె దాన్ని ఆకలి అనుకునేది. "తల్లి లేని పిల్లగాడట. నన్ను సూడనీకి గింత దూరం వస్తున్నడు," అని రాములమ్మ చేత జొన్నరొట్టెలు చేయించేది.

"ఎలా ఉన్నారు మామ్మగారూ?"

"మంచిగున్న కొడుకా, ఇంకో రొట్టె తిను."

ఆమె మంచిగున్నానన్న ప్రతిసారీ జోగారావు ముఖం వాడిపోయేది. నాలుగో ఆదివారం ఎందుకో వాడలేదు. అయిదో ఆదివారం ఆయనే అరడజను బత్తాయిలు పట్టుకొచ్చి, పళ్లు లేని మనిషికి తొనలెలా అని చెంబులో రసం పిండి ఇచ్చాడు.

మట్టయ్య బాధ చెప్పుకునేది కాదు. తల్లి బతకాలని మొక్కుకుంటే పరాయివాడి సొమ్ము తిన్నట్టుండేది. పోవాలని మొక్కుకోవడం... ఆ మాట మనసులో కూడా పూర్తి చేయలేకపోయేవాడు. పొద్దున్నే వాకిట్లో చీపురు చప్పుడు వింటే ప్రాణం లేచివచ్చేది, వెంటనే భయం వేసేది.

ఏడో ఆదివారం పొద్దున చీపురు చప్పుడు కాలేదు. బుచ్చవ్వ నిద్రలోనే పోయింది. టేకు గడపకు పసుపు రాసి, అరుగు మీద పందిరి కింద పడుకోబెట్టారు. ఇన్నాళ్లు ఆమె భయపడిన వాన ఆ రోజు చినుకైనా పడలేదు. చక్రపాణి దండ తీసుకుని వచ్చాడు. "అదృష్టవంతురాలు, సొంతింట్ల పోయింది," అని పక్కనున్న జోగారావుతో అన్నాడు. మట్టయ్య చప్పున జోగారావు ముఖంలోకి చూశాడు. జోగారావు పందిరి గుంజల వైపు చూస్తూ, "అవునండీ, సొంతిల్లే," అన్నాడు. అని, శవం వెంట శ్మశానం దాకా చెప్పుల్లేకుండా నడిచాడు.

పదకొండో రోజు దినాలు కాగానే మట్టయ్య జానయ్యను పిలిచి రేకులు విప్పమన్నాడు. రెండు రేకులు దిగేసరికి, దినాలకు వచ్చిన జోగారావు పరుగున వచ్చాడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"మీ జాగ మీకు అప్పజెప్తున్న సార్."

"నాకెందుకు? మనిషి పోయిన చోటు! మావాళ్లలో అలాంటి చోట ఇల్లు కట్టరు, మా ఆవిడ అడుగు కూడా పెట్టదు. ఇది నువ్వే ఉంచుకుని నీ ముళ్లకంప నాకు రాసియ్యి. ముందా రేకులు ఎక్కించు."

ఏ మైలకు భయపడి ఒక ఇంట్లోంచి తరిమారో, ఆ మైలే ఇంకో ఇల్లు ఇచ్చిపోయిందని మట్టయ్యకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఖాళీ అరుగు మీద కూలబడి, అన్ని రోజులుగా బయటికి రాని ఏడుపంతా ఏడ్చాడు.

మరుసటి ఏడు రెండు ప్లాట్ల అవతల ఇల్లు కట్టుకుని వచ్చిన జోగారావు భార్య, మొదటి రోజే వచ్చి ఆ అరుగు మీద తీరిగ్గా కూర్చుని, తమవాళ్లలో అలాంటి పట్టింపు ఒకటి ఉందని తాను పుట్టి బుద్ధెరిగి వినలేదని రాములమ్మతో చెప్పింది.