సినిగాంగ్ పులుసు పన్నెండో దరఖాస్తు

సినిగాంగ్ అనే పులుసు పన్నెండోసారి దరఖాస్తు పెట్టుకోవడానికి సోమవారం పొద్దున రుచుల నమోదు కార్యాలయానికి వచ్చి, టోకెన్ తీసుకుని, మూత ఒళ్ళో పెట్టుకుని మూడో బెంచీ మీద కూర్చుంది. పక్కన రెమెడియోస్ కూర్చుంది. ఫిలిప్పీన్స్ మనిషి. పులుసుకు ఆమె జామీను.

అటెండరు ఓబులేసు ఇద్దరినీ చూసి తల ఊపాడు. అతనిది కడప వైపు చిట్వేలి దగ్గర పల్లె. ఈ గల్ఫు పట్నానికి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. టోకెన్లు పిలవడం, గిన్నెలు బల్ల మీద పెట్టడం, బల్ల తుడవడం అతని పని. పదకొండుసార్లు ఈ పులుసును అతనే మోసుకెళ్ళి బల్ల మీద పెట్టాడు. పదకొండుసార్లు ఖాళీ గిన్నె అతనే కడిగాడు.

ఈ దేశంలో కాయిదా ఒకటే. బయటి నుంచి వచ్చిన వంటకం ముదీర్ ముందు, అంటే ఆఫీసు పెద్దాయన ముందు, నలభై నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. కొలత తగ్గకూడదు. అలా కూర్చుంటే వీధి కార్డు ఇస్తారు. వీధి కార్డు ఉన్న వంటకం బోర్డుల మీద నిలబడొచ్చు, విమానాశ్రయంలో కొట్టు పెట్టుకోవచ్చు. కార్డు లేనిది ఇళ్ళలోనే ఉండాలి, గడప దాటకూడదు. పన్నెండుసార్లు కాదనిపించుకుంటే ఇళ్ళలో కూడా ఉండడానికి లేదు. విమానం ఎక్కించి పంపేస్తారు.

బిర్యానీ ఈ పరీక్ష ఎప్పుడో దాటింది. దానికిప్పుడు సముద్రం ఒడ్డున సొంత ఇల్లుంది. పిజ్జాకు ఓటు కూడా ఉంది. రాగి సంగటి మాత్రం ఎన్నడూ దరఖాస్తు పెట్టలేదు. దానికి ఫారం నింపడం రాదు. అది ఓబులేసు గదిలో, అతని సామాను కింద లెక్కలో ఉండి, చప్పుడు చేయకుండా రోజులు వెళ్ళదీస్తోంది.

సినిగాంగ్ ఫైలు జానెడు మందం ఉంది. మొదటిసారి ఫోటో కుదరలేదని తిప్పి పంపారు. ముఖం గిన్నె రంగులోనే ఉంది, ఎక్కడ గిన్నె అయిపోయి ఎక్కడ పులుసు మొదలైందో తెలియడం లేదని రాశారు. రెండోసారి పుట్టిన ఊరు అడిగారు. "పొయ్యి" అంది పులుసు. ఆ పేరుతో ఊరేదీ పటంలో లేదన్నారు. మూడోసారి సాక్షులను రమ్మంటే పద్నాలుగు మంది ఆడవాళ్ళు పద్నాలుగు గిన్నెలతో వచ్చారు. ఒకామె చింతకాయ వేసింది, ఒకామె పచ్చి మామిడి, ఇంకొకామె జామపండు. ఒకరి పులుసు ఇంకొకరి పులుసులా లేదు. అందరూ ఇదే అసలుదని ప్రమాణం చేశారు. గుర్తింపు తేలలేదని కట్ట కట్టారు.

నాలుగోసారి నుంచి పదకొండోసారి వరకు మాత్రం ఒకటే కారణం. విచారణ సమయానికి దరఖాస్తుదారు గిన్నెలో లేదు.

దానికి కారణం రెమెడియోస్. వాళ్ళ దేశంలో మనిషి కనబడితే బాగున్నారా అనరు, తిన్నారా అంటారు. ఆమె హాల్లోకి వస్తూనే కాపలావాడిని అడిగేది, తిన్నావా అని. లేదనేవాడు. ఆ మాట చెవిన పడగానే పులుసు బెంచీ మీద నుంచి లేచి వాడి దగ్గరికి వెళ్ళేది. అది దాని పెంపకం, ఆపడానికి ఎవరి తరమూ కాదు. తర్వాత టైపిస్టు, తర్వాత పక్క బెంచీ మీద వకీలుతో వచ్చి కూర్చున్న నూడుల్సు. నూడుల్సు కూడా పొద్దున్నే బయలుదేరి వచ్చిందాయె, ఏమీ తినలేదు. టోకెన్ పిలిచేసరికి గిన్నె అడుగున రెండు ముల్లంగి ముక్కలు మిగిలేవి.

ఈసారి ఓబులేసు ముందే ఆమె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఇద్దరిదీ అరబ్బీ, హిందీ కలిసిన వీధి భాష. ఏళ్ళ తరబడి మాట్లాడీ మాట్లాడీ అది వాళ్ళ సొంత భాష అయిపోయింది.

"ఇదే కడాకు తూరి రెమీ. తెలుసునే?"

"తెలుసు కూయా." వాళ్ళ భాషలో కూయా అంటే అన్న.

"నోరు తెరవగూడదు. ఎవురు అడ్డమొచ్చినా అడగగూడదు."

"ఊరికే పలకరించినా?"

"పలకరించనే గూడదు. నీ పలకరింపే గదా కొంప ముంచేది."

చీపురు పట్టుకుని అటు వచ్చిన మస్తాన్‌బీ, రాయచోటి మనిషి, నవ్వింది. "ఆయమ్మ నోటికి తాళమేస్తాండావా ఓబులన్నా? పోయిన తూరి మూడు గిన్నెలు లాగించింది ఎవురబ్బా? నువ్వే గదా."

"అడిగితే లేదని ఎట్లంటాం మ్మే?"

"అట్లా అనుకోనే పదకొండు తూర్లు తిన్నారు. ఈ తూరి అది పోతే యాడ తింటావో చూస్తా."

ఆమె అన్నది నిజం. ఇవాళ కాదంటే ఈ ఊళ్ళో ఏ వంటింట్లోనూ ఈ పులుసు ఉండదు. రెమెడియోస్ పంతొమ్మిదేళ్ళుగా ఒకే ఇంట్లో వంట చేస్తోంది. గది వాళ్ళది, మంచం వాళ్ళది, పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉంటుంది. సెలవు రోజు మధ్యాహ్నం ఆ ఇంటి వెనక చిన్న పొయ్యి మీద కాచుకునే ఈ పులుసొక్కటే ఆమెది. పులుసు వెళ్ళిపోతే తాను ఎవరో తనకైనా ఎలా గుర్తుంటుందని ఆమె ఒకసారి అడిగింది. ఓబులేసు ఆ పొద్దు తన గదికి వెళ్ళి సంగటి ముద్ద ముందు చాలాసేపు కూర్చున్నాడు.

పదకొండుంపావుకు టోకెన్ పిలిచారు. ఓబులేసు గిన్నెను రెండు చేతులా ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళాడు. చేప ముక్కలు, ముల్లంగి, బెండకాయ, పైన తూటికూర. అంచు దాకా ఉంది. కొలబద్ద దించి చూసి సరిపోయిందని రాశాడు. రెమెడియోస్ కుర్చీలో కూర్చుని, పైట చెంగులాంటి తన మెడ గుడ్డను నోటికి అడ్డం పెట్టుకుంది. ముదీర్ గడియారం తిప్పాడు.

ముదీర్ యాభై ఏళ్ళ మనిషి, బక్కపలచన. మంచివాడే. ఎవరినీ కసురుకోడు, ఎవరి ముఖమూ చూడడు. ఆ రోజు తెల్లారినప్పటి నుంచి రెండు మీటింగులు అయ్యాయి.

పది నిమిషాలు గడిచాయి. పులుసు కదలలేదు. ఇరవై నిమిషాలకు ఆవిరి సన్నగా ముదీర్ వైపు తిరిగింది కానీ, రెమెడియోస్ కళ్ళెర్రజేసి చూస్తే వెనక్కి వచ్చేసింది. ముప్పై నిమిషాలకు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎదురుగా ఒక మనిషి ఆకలితో ఉన్నాడని ఆమెకు తెలుస్తోంది. తెలిసీ అడగకుండా కూర్చోవడం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. ఓబులేసు గోడ దగ్గర నిలబడి, ఇంకా పది, ఇంకా ఏడు, ఇంకా నాలుగు అని లెక్కపెట్టుకుంటున్నాడు. వీధి కార్డు అప్పటికే ప్రింటరులో సగం బయటికి వచ్చి ఉంది.

మూడు నిమిషాలు ఉందనగా ముదీర్ కళ్ళద్దాలు తీసి నుదురు రుద్దుకున్నాడు. ఆయన కడుపులో చిన్న చప్పుడైంది. బల్ల మీద పడిన చుక్కను తుడవడానికి ఓబులేసు వంగాడు. వంగినవాడికి పెద్దాయన ముఖం దగ్గరగా కనబడింది. వాడిపోయి ఉంది.

"తిన్నారా సార్?" అన్నాడు ఓబులేసు.

అతను అడగాలని అడగలేదు. చిట్వేలి వైపు మధ్యాహ్నం పూట మనిషి ఎదురుపడితే నోట్లోంచి వచ్చే మాట అదే. ఆ మాటకు అర్థం వెతుక్కోరు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో ఎవరూ తనను అడగకపోయినా అతను అడగడం మానలేదు. పక్కనున్న మనిషి నోటికి తాళం వేశాడు గానీ, తన నోటి సంగతి అతనికి గుర్తే రాలేదు.

"లేదు" అన్నాడు ముదీర్.

పులుసు లేచింది.

"వద్దు" అని రెమెడియోస్ అనబోయింది. కానీ ఆ మాట ఆమె నోటికి అలవాటు లేదు, బయటికి రాలేదు. పులుసు గిన్నెలోంచి చిన్న కప్పులోకి దిగి, ముదీర్ ముందుకు వెళ్ళి నిలబడింది.

ఆయన తిన్నాడు. మొదటి చెంచాకు కళ్ళు మూసుకున్నాడు. రెండో కప్పుకు అంగీ చేతులు పైకి మడిచాడు. మూడో కప్పును అడుగు దాకా గీరాడు. గడియారం మోగింది, ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

"ఇది మా ఇంటి పులుసు" అన్నాడు. "చిన్నప్పుడు జ్వరం వస్తే మా అమ్మ ఇచ్చేది."

రెమెడియోస్ నోటి మీద గుడ్డ తీసింది. "అమ్మగారే కాచేవారా సార్?"

ఆయన ఆలోచించాడు. "అమ్మ వంటింట్లోకి వచ్చేది కాదు. వంటింట్లో ఒక మనిషి ఉండేది. మా నలుగురినీ ఆమే ఎత్తుకునేది."

"ఆమె పేరేమిటి సార్?" అంది రెమెడియోస్.

"తెలియదు. మేము చప్పట్లు కొట్టి పిలిచేవాళ్ళం." తర్వాత కప్పులోకి చూసి అడిగాడు, "దీనికి కూడా పేరుందా?"

"ఉంది సార్. సినిగాంగ్. ఫారం మీద పన్నెండుసార్లు రాశాం."

ఆయన ఆ పేరు ఒకసారి పలికాడు, సరిగ్గా రాలేదు. రెమెడియోస్ నవ్వి, బాగా అన్నారు సార్ అంది. ఓబులేసు తల వంచుకుని కొలబద్ద దించాడు. గిన్నెలో నాలుగో వంతు ఉంది. కొలత తగ్గింది అని రాశాడు. ఆ అక్షరాలు రాసింది తనే కాబట్టి రెమెడియోస్ వైపు చూడలేకపోయాడు.

ముదీర్ కూడా కాయిదా దాటలేడు. ప్రింటరులోంచి సగం వచ్చిన వీధి కార్డును వెనక్కి తోశాడు. అయితే విమానం కాగితం మీద కూడా సంతకం పెట్టలేకపోయాడు. నోరు ఇంకా పుల్లగా ఉంది. సొరుగులో వెతికి, అంతవరకు మనుషులకు మాత్రమే ఇచ్చే కార్డు ఒకటి తీశాడు. ఇంటి కార్డు. ఇంట్లో ఉండొచ్చు. పిల్లలకు పెట్టొచ్చు, రోగులకు పెట్టొచ్చు. బోర్డు మీద పేరు ఉండకూడదు. వెనక తలుపు గుండా రావాలి, వెనక తలుపు గుండా వెళ్ళాలి.

రెమెడియోస్ ఆ కార్డును రెండు చేతులా అందుకుంది. తన సంచీలోంచి తన కార్డు తీసి పక్కన పెట్టి చూసింది. ఒకే రంగు, ఒకే అక్షరాలు. "చూడు కూయా, ఇద్దరిదీ ఒకటే" అంది సంతోషంగా. "ఇంక దీన్ని ఎవరూ పంపించరు."

"నేనే చెడగొట్టినా రెమీ."

"నువ్వు కాకపోతే ఇంకో నిమిషానికి నేనే అడిగేదాన్ని." గిన్నె అతని వైపు జరిపింది. "తిన్నావా నువ్వు?"

అతను లేదని తల ఊపాడు. పులుసు లేచి వచ్చింది.

వారం తర్వాత ముదీర్ పై ఆఫీసుకు తొమ్మిది పేజీల నివేదిక రాశాడు. ఫిలిప్పీన్స్ వంట బయటి దేశాల్లో ఎందుకు పైకి రాలేదన్నది విషయం. దానికి పట్టుదల లేదని, తన్ను తాను కాపాడుకోవడం చేతకాదని, పేరు సంపాదించుకోవాలన్న కోరిక ఏ కోశానా కనబడలేదని రాశాడు. ఆ నివేదిక రాసినన్నాళ్ళూ ఆయన మధ్యాహ్నం భోజనం కార్యాలయం వెనక తలుపు దగ్గరే చేశాడు.

నూట ఇరవై కాపీలు ఓబులేసే తీశాడు. మొదటి పేజీ మీద బొటనవేలంత పులుసు మరక ఉంది. అది అన్ని కాపీల్లోనూ పడింది. కాపీలు పెద్ద పెద్ద ఆఫీసులకు వెళ్ళాయి. అందరూ చదివి, నిజమేనని సంతకాలు పెట్టి తిప్పి పంపారు. ఆ మరక ఏమిటని ఒక్కరూ అడగలేదు. కొందరు మాత్రం సంతకం పెట్టే ముందు కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని, కాసేపు అలాగే కూర్చున్నారట.