బెతేలు హైస్కూల్లో ముంతాజు చావు

ఆ ఉదయం పరంజ్యోతి మాస్టారు పెట్టుకున్న కోరిక చాలా చిన్నది. మూడో పీరియడ్లో డి.ఇ.ఓ. గారు వచ్చి వెనకబెంచీ మీద కూర్చునే వేళకి తొమ్మిదో తరగతిలో ఒక్కడూ నిద్రపోతూ ఉండకూడదు. అంతే.

బెతేలు మిషను హైస్కూల్లో అతను సోషల్ చెప్పబట్టి మూడేళ్ళవుతోంది. ఇంకా టెంపరరీయే. పానిపట్టు యుద్ధం చెప్పినా, పంచవర్ష ప్రణాళిక చెప్పినా అతని గొంతులో పలికేది ఒకటే జోల. కిందటేడు వచ్చిన డి.ఇ.ఓ. గారు కూడా ఆ జోలకి ఓ కునుకు తీసి లేచి, "ఇంకో ఏడాది చూడవచ్చు" అని రాసి వెళ్ళారు. ఈసారీ అలాగే రాస్తే ఉద్యోగం మీద ఆశ వదులుకోమని హెడ్మాస్టరు సత్యరాజుగారు మొహమాటం లేకుండా చెప్పేశారు.

ఇంట్లోనూ దిగులే. భార్య దేవమణి నెలలు నిండి, కళింగపట్నంలో పుట్టింట ఉంది. తొలి కానుపులో బిడ్డ దక్కలేదు. తల్లి దక్కిందే పదివేలన్నారు అందరూ. మళ్ళీ ఆ గండమే తలుచుకుంటూ పరంజ్యోతి నాలుగు మెతుకులు మింగి, ముసురులో గొడుగు వేసుకుని బడికొచ్చాడు. డి.ఇ.ఓ. గారి ముందు చెప్పబోయే పాఠాన్ని రెండో పీరియడ్లో బి సెక్షను మీద ఒకసారి ప్రయోగించి చూద్దామనుకున్నాడు. పాఠం షాజహాను.

దండయాత్రలు ఎప్పటిలాగే సాగాయి. పిల్లల తలలు ఎప్పటిలాగే వాలాయి. ముంతాజు దగ్గరికి వచ్చేసరికి అతనికేదో అయింది. నోరు ముంతాజు కథే చెబుతోంది, కళ్ళముందు మాత్రం దేవమణి కనపడుతోంది.

"పద్నాలుగో కానుపు. ఆ కానుపులోనే ఆవిడ పోయింది. అంతటి మొగుడూ ఏం చెయ్యగలిగాడు? తలుపు బయట నిలబడ్డాడు, అంతే. ఇంక ఆ మనిషి మొహాన నవ్వన్నది లేదు..."

బల్ల పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. నిద్రపోతున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. ఆడపిల్లలు ఓణీలతో కళ్ళు ఒత్తుకున్నారు. ఉద్యోగంలో చేరాక అతను అంత బాగా పాఠం చెప్పింది అదే మొదటిసారి.

బడికి నీళ్ళు మోసే గున్నమ్మ వాన తగ్గేదాకా అని ఆ క్లాసు బయట వరండాలోనే ఆగి ఉంది. కుండ అక్కడే దింపేసి హెడ్మాస్టరు గదిలోకి పరిగెత్తింది.

"బాబూ! సోసలు మేష్టారి ఇల్లాలు పోనాది. కానుపులోనట!"

"నీకెవరు చెప్పారే?"

"ఏటి, మేష్టారే సెప్తన్నారు. పిల్లల కాడ సెప్పుకోని ఏడస్తన్నారు. కావలిస్తే ఎల్లి సూడండి."

సత్యరాజుగారు వెళ్ళి కిటికీలోంచి చూశారు. మాస్టారు ఏడుస్తున్నాడు. క్లాసంతా ఏడుస్తోంది. ఇంతకన్నా రుజువేం కావాలి? పాస్టరుగారికి కబురు పంపి, గంట కొట్టించారు. ఎవరైనా పోతే బడి ఆపి, ఆగి ఆగి గంట కొట్టడం ఆ మిషను పద్ధతి. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసేదాకా పోయినవాళ్ళ పేరు ఎవరూ ఎత్తకూడదన్నదీ పద్ధతే.

పరంజ్యోతికి ఆ గంట గోరుచుట్టు మీద రోకటిపోటు. ఎవరో గాని ఇవాళే పోవాలా అని విసుక్కుని, ఆ వెంటనే సిగ్గుపడి, పిల్లల్ని వరసగా నిలబెట్టి, సత్యరాజుగారి దగ్గరికి వెళ్ళాడు.

"ఎవరు పోయారండీ?"

సత్యరాజుగారు అతన్ని ఎగాదిగా చూశారు. పాపం, అప్పుడే మతి చలించింది అనుకున్నారు. "కూర్చో నాయనా. ఏటీ ఆలోచించకు," అని భుజం తట్టారు.

డ్రిల్లు మాస్టారు నరసింగరావుని అడిగితే ఆయన కుర్చీ తెచ్చి వేశాడు. మూడేళ్ళలో ఎవరూ తనకు కుర్చీ వేసింది లేదు. ఉద్యోగం పోయిందని అందరికీ ముందే తెలిసిపోయింది కాబోలు అనుకుని పరంజ్యోతి దిగులుగా అందులో కూలబడ్డాడు.

ఇంతలో డి.ఇ.ఓ. గారి జీపు వచ్చింది. సత్యరాజుగారు గొడుగుతో ఎదురెళ్ళి చెవిలో సంగతి చెప్పారు. "అంత కష్టంలోనూ క్లాసు వదల్లేదండి," అని కూడా కలిపారు. డి.ఇ.ఓ. గారు వచ్చి పరంజ్యోతి రెండు చేతులూ పట్టుకున్నారు.

"సార్, క్లాసుకి వస్తారా? షాజహాను పాఠం," అన్నాడు పరంజ్యోతి, ఆశ చావక.

"ఇంకా పాఠమేనా!" డి.ఇ.ఓ. గారి కళ్ళు చెమర్చాయి. "మీ పాఠం నేను చూడక్కర్లేదు." అక్కడికక్కడే పర్మినెంటు చెయ్యమని రాసి, జీపెక్కి వెళ్ళిపోయారు.

ఆ మాట తెలియగానే పరంజ్యోతి పకపకా నవ్వాడు. దేవమణికి ఎప్పుడు చెబుదామా అనిపించింది. ఆ నవ్వు చూసి నరసింగరావు జడుసుకుని, పిల్లల్ని రెండడుగులు వెనక్కి జరిపాడు.

పాస్టరుగారు తడిసి ముద్దయి సైకిలు దిగారు. దిగుతూనే పరంజ్యోతి తల మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నారు.

"ప్రభువా, నీ దాసురాలు దేవమణిని నీ సన్నిధికి పిలుచుకున్నావు..."

నవ్వు మొహం మీద ఉండగానే పరంజ్యోతి కుప్పకూలాడు. "ఎప్పుడు? ఎవరు చెప్పారు?" అని అతను అరిచిన అరుపు, అందరూ ఎత్తుకున్న పాటలో ఎవరికీ వినపడలేదు. మొహాన నీళ్ళు చల్లారు. కళింగపట్నం తీసుకెళ్ళడానికి టాక్సీ కోసం మనిషిని పంపారు. ఆ తడి వరండాలో, స్తంభానికి చేరగిలబడి, ఉద్యోగం వచ్చిన రోజున అతను చావు కోరుకున్నాడు.

టాక్సీ రాలేదు. బస్సు దిగి గొడుగు ముడుచుకుంటూ బావమరిది చినబాబు వచ్చాడు.

"బావా! ఏటిది, ఎవలు పోనారు? నువ్వు లెగు ముందు. అక్కకి ఆడపిల్ల పుట్టినాది. తల్లీ పిల్లా ఇద్దరూ బాగున్నారు."

పాట ఆగిపోయింది. పరంజ్యోతి చినబాబుని కావలించుకుని మళ్ళీ ఏడ్చాడు. ఈసారి ఎందుకని ఎవరూ అడగలేదు.

పిల్లల్ని అడిగితే ముంతాజు సంగతి బయటపడింది. సత్యరాజుగారు గున్నమ్మని పిలిపించారు.

"పద్నాలుగో కానుపన్న మాట వినలేదటే? వీళ్ళ పెళ్ళయి మూడేళ్ళు కాలేదు!"

"ఇన్నాను బాబూ. సదూకున్నోళ్ళ నెక్కలు నాకేటి తెలుస్తాది?"

సత్యరాజుగారు తల పట్టుకున్నారు. నిజం చెబితే డి.ఇ.ఓ. గారు రాసింది కొట్టేస్తారు. ఆ పైన, లేని చావుకి గంట కొట్టించిన హెడ్మాస్టరని ఊరూరా చెప్పుకుంటారు. పాస్టరుగారివంక చూశారు. పాస్టరుగారు వానవంక చూశారు.

"మనంతట మనం అబద్ధం చెప్పలేదు," అన్నారు పాస్టరుగారు. "అడిగినప్పుడు చూద్దాం."

పరంజ్యోతి పర్మినెంటయ్యాడు. మళ్ళీ ఏడాది షాజహాను పాఠం వచ్చింది. అతను మనసారా ప్రయత్నించాడు గాని, ఏడుపు రాలేదు. పిల్లలు హాయిగా నిద్రపోయారు. ఆ ఒక్క మంచి పాఠాన్నీ చూడవలసినవాళ్ళెవరూ చూడలేదన్న బాధ అతనికి అలాగే ఉండిపోయింది.

ఏటా ఇన్‌స్పెక్షను ముందురోజు దేవమణి పిల్లనెత్తుకుని కళింగపట్నం బస్సెక్కేది; పోయిన మనిషి ఊళ్ళో కనపడకూడదు కదా.