పాత ధరల గుమాస్తా

ఆ పెద్ద సరుకుల దుకాణంలో కొత్త ధరలు నిర్ణయించడానికి ఒక మేనేజరు, పాత ధరలు నిర్ణయించడానికి ఒక గుమాస్తా ఉన్నారు. కొత్త ధర వేయడం పెద్ద విద్యేమీ కాదు. సరుకు ఎంతకు వచ్చింది, అద్దె ఎంత, జీతాలెంత అని కూడుకుంటే అదే తేలుతుంది. పాత ధర అలా కాదు. ఎన్నడూ లేనిదాన్ని నిన్నటిదాకా ఉన్నట్టు చూపించి, అడ్డంగా గీత కొట్టి, చూసినవాళ్ళకు ‘అమ్మయ్య, ఇవాళ వచ్చాం గనక సరిపోయింది’ అనిపించాలి. దానికి చేయి తిరిగినవాడు కావాలి.

మన గుమాస్తా చేయి తిరిగినవాడే. ఎర్ర చీటీ మీద పైన ఒక అంకె వేసి కొట్టేస్తాడు, కింద ఇంకో అంకె పెద్దదిగా వేసి వదిలేస్తాడు. పైది మరీ ఎక్కువైతే జనానికి అనుమానం, మరీ తక్కువైతే అలుసు. ఆ రెండింటి మధ్య ఆయన ఏళ్ళ తరబడి కాలు జారకుండా నడిచాడు. ఎప్పుడూ రెండు వందల ఇరవైకి అమ్ముడుపోయే నూనె డబ్బా మీద ఒక ఉదయం మూడు వందలు రాసి కొట్టేసి, కింద రెండు వందల నలభై వేశాడు. అంటే ధర ఇరవై పెరిగింది. మధ్యాహ్నానికల్లా డబ్బాలన్నీ చెల్లిపోయాయి. ఆలస్యంగా వచ్చిన ఒకావిడ, ఎక్కువ ధర ఇచ్చుకునే భాగ్యం తనకు దక్కలేదని కౌంటరు దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. దుకాణం వాళ్ళు దయగలవాళ్ళు కనుక గోదాములోంచి ఆమె కోసం ఒక డబ్బా తెప్పించి ఇచ్చారు.

ఆ ఏడాది సంస్థ వార్షిక సభలో గుమాస్తాకు పతకం ఇచ్చారు. ఆ సందర్భంగా మేనేజరు చేసిన ప్రసంగం అందరికీ తెలియవలసినది.

“కొందరు మహానుభావులు భవిష్యత్తు కోసం పాటుపడతారు. మన గుమాస్తాగారు గతం కోసం పాటుపడుతున్నారు. గతం ఘనంగా ఉంటేనే వర్తమానం అమ్ముడుపోతుంది. కొనుగోలుదారుడు మనకు దేవుడు. దేవుణ్ణి లెక్కలతో విసిగించడం మహాపాపం. ఆ పాపం మన దుకాణంలో ఇంతవరకూ జరగలేదని చెప్పుకోవడానికి గర్విస్తున్నాను.”

చప్పట్లు చాలాసేపు మోగాయి.

నిజానికి ఏది అసలైన చౌకో కనిపెట్టడం బ్రహ్మవిద్య కాదని గుమాస్తాకు తెలుసు. పోయినసారి ఇదే సరుకు ఎంతకు కొన్నాం, కిలో లెక్కన ఎంత పడుతోంది, ఎర్ర చీటీ లేకపోయినా దీన్ని కొనేవాళ్ళమా అని మనల్ని మనం అడుక్కుంటే చాలు. ఆయన ఉద్యోగమల్లా ఎవరూ అలా అడుక్కోకుండా చూడటం. అందుకే చీటీ మీద కొట్టివేత వేలంత మందంగానూ, కిలో లెక్క చీమ తలకాయంతగానూ ఉంటాయి.

ఇంటి దగ్గర సంగతి వేరు. ఆయన భార్య మొగుడి దుకాణంలో గడ్డిపోచ కూడా కొనదు. అక్కడి చీటీలు రాసే మనిషి అబద్ధాలకోరని ఆవిడకు పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది. అందుకని రోడ్డుకు అవతల ఉన్న ఎదురు దుకాణంలో కొంటుంది. అక్కడి చీటీలు రాసేవాడు ఎవరో తెలియదు కాబట్టి మంచివాడే అయి ఉంటాడు. అలా కొన్నవన్నీ ఆ ఇంటి మధ్య గదిలోకి చేరాయి. వీధి మొత్తం రుద్దుకున్నా తరగని సబ్బులు, చీమల్ని తరతరాలుగా పోషిస్తున్న చక్కెర సంచులు, పిల్లలు లేని ఇంట్లో పసిపిల్లల పాలపొడి డబ్బాలు. ఆ గదికి ‘ఆదా గది’ అని పేరు. అందులో ఒక మంచం ఉన్నట్టు భార్యాభర్తలిద్దరికీ లీలగా గుర్తు.

ఇంతలో అత్తగారు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. ఆవిడ కుట్టుమిషను తొక్కి పిల్లల్ని పెంచిన మనిషి. ఉద్యోగం లేని కొత్త అల్లుణ్ణి ఏడాదిపాటు ఇంట్లో పెట్టుకుని, పల్లెత్తు మాట అనకుండా అన్నం పెట్టిన మనిషి. ఆపరేషను చేసిన డాక్టరు ఆదివారం ఇంటికి పంపిస్తామన్నాడు. మెట్లెక్కకూడదు, పక్కనే స్నానాలగది ఉండాలి, దానికి తప్ప నెల్లాళ్ళు మంచం దిగకూడదు. కొడుకు ఉండేది లిఫ్టు లేని మూడో అంతస్తులో. ఇక మిగిలింది కూతురింటి మధ్య గది ఒక్కటే.

“మా అమ్మకో మంచం వెయ్యలేకపోతే నా బతుకెందుకండీ” అని భార్య ఏడ్చింది. ఆ ఇంట్లోకి ఇకమీదట కొత్త సరుకు ఒక్కటి కూడా రాకూడదని, ఉన్నది ఖాళీ చేయాలని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు.

సరుకు వెనక్కి ఇద్దామంటే, తగ్గింపులో కొన్నది తిరిగి తీసుకోరు. ఊరికే పంచుదామంటే ఇరుగుపొరుగు మర్యాదస్తులు. పక్కింటావిడ మూడు పెట్టెల సబ్బులు పుచ్చుకుని, మాట రాకుండా నాలుగు పెట్టెలు తిరిగిచ్చింది. ఎదురింటాయన చక్కెర సంచీ గుమ్మంలోనే ఆపి, తమ హాల్లో ఉన్న సంచుల్ని చూపించి, వాటిలో రెండు పట్టుకెళ్ళమని బతిమాలాడు. చివరికి గుమాస్తా వంటింటి అటక, పెరటి వరండా, బీరువా పైభాగం నింపి, పండగలకు రాని ఓపికంతా తెచ్చుకుని శనివారం సాయంత్రానికి మంచాన్ని బయటపెట్టాడు. దాని మీద దుప్పటి పరిచి భార్య కళ్ళు తుడుచుకుంది.

సరిగ్గా అదే సమయానికి ఎదురు దుకాణంలో మహా తగ్గింపు నడుస్తోంది.

“ఒక్కసారి చూసొస్తానండీ. కొనను” అంది భార్య.

“కొట్టేసిన ధరలు ఉత్తవే. ఎవడూ ఎప్పుడూ ఆ ధరకు అమ్మలేదు. నేను రోజూ రాసేది అదేగా” అన్నాడు గుమాస్తా. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆయన ఉద్యోగరహస్యం బయటపెట్టడం అదే మొదలు.

“మీ దుకాణంలో అంతేలెండి. వాళ్ళు మాత్రం పాపం నిజంగానే తగ్గిస్తున్నారు.”

ఆవిణ్ణి పంపితే కొంప మునుగుతుందని, స్నానాలగదిలో అత్తగారు జారకుండా వేయడానికి రబ్బరు పట్టా ఒకటి తేవాలి కదా అని, గుమాస్తా తానే బయలుదేరాడు. దొంగకు తాళం ఇవ్వకూడదంటారు గానీ, తాళాలు చేసేవాణ్ణి నమ్మవచ్చని అందరూ అనుకుంటారు.

ఎదురు దుకాణంలో నడుస్తూ ఆయన చీటీలన్నిటినీ వృత్తిధర్మంగా పరిశీలించాడు. ఈ సబ్బు గీత వంకర. ఆ పప్పు పాత ధరలో పస లేదు. పెదవి విరుస్తూ విరుస్తూ నూనె డబ్బాల గుట్ట దగ్గరికి వచ్చాడు. అక్కడ మనిషెత్తు బోర్డు మీద ఇలా ఉంది: ‘ఎదురు దుకాణంలో మూడు వందలు. మా దగ్గర రెండు వందల యాభై మాత్రమే. నేటితో సరి.’

గుమాస్తా ఆగిపోయాడు. ఎదురు దుకాణమంటే తమదే. అక్కడ మూడు వందలు ఉన్న మాట నిజమే. చీటీ తాను కళ్ళారా చూశాడు. ఒక పరాయి దుకాణం వాడే పనిగట్టుకుని సాక్ష్యం చెబుతుంటే కాదనడం ఎలా? ఒక్కో డబ్బా మీద యాభై మిగులుతోంది. జనం చేతులు చాపుతున్నారు. ఆయన చేయి దానంతటదే ముందుకు పోయింది. పావుగంట తరవాత హమాలీ చేత డజను డబ్బాలు మోయించుకుంటూ, యుద్ధం గెలిచినవాడిలా ఇంటికి చేరాడు. రబ్బరు పట్టా సంగతి మరిచిపోయాడు.

“చూశారా, నేను చెబితే నమ్మారు కాదు” అంది భార్య. ఆ కళ్ళలో మొగుడి పట్ల అంత గౌరవం ఆయన ఎన్నడూ చూడలేదు. ఒట్టు సంగతి ఇద్దరికీ గుర్తుంది గానీ, ఒట్టు పెట్టుకున్నది మామూలు సరుకు గురించి. డబ్బాలు పెట్టడానికి, హాల్లో నడిచే దారి కాక, ఇంట్లో ఖాళీగా ఉన్న చోటు ఒక్కటే. ఈ పూటకేలే అనుకుని మంచం మీద పేర్చారు.

ఆదివారం పొద్దున్నే, చెప్పినదానికంటే ముందుగా, కొడుకు తల్లిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చి దించాడు. అత్తగారు మధ్య గది గుమ్మంలోంచి మంచం వైపు చూసింది.

“ఇదంతా ఏమిటే?”

“ఆదా అమ్మా” అంది కూతురు.

“ఎంత మిగిలిందేమిటి?”

“చాలానే మిగిలింది.”

“మంచిది. ఆ మిగిలిన డబ్బుతో నెల్లాళ్ళు నాకో గది అద్దెకు తీసుకోండి.”

కూతురు బీరువా వైపు చూసింది. అందులో డబ్బుండవలసిన చోట సబ్బులున్నాయి. గుమాస్తా పరువు కాపాడుకుందామని ముందుకొచ్చాడు.

“అది కాదత్తయ్యా, మూడు వందల నూనె రెండు వందల యాభైకే వచ్చింది.”

“మూడు వందలని ఎవరన్నారు?”

ఆయన జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. ఎదురు దుకాణం వాడన్నాడు. వాడికెవరన్నారు? తమ దుకాణం చీటీ. చీటీ మీద ఎవరు రాశారు? అరవై ఏళ్ళ మనిషి కాలికి కట్టుతో కుర్చీలో ఎదురుచూస్తుంటే, తాను పుట్టించిన అబద్ధాన్ని తానే డబ్బిచ్చి కొని ఆమె మంచం మీద పడుకోబెట్టాడు. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

“నేనే” అన్నాడు.

అత్తగారు కోప్పడలేదు. అన్నం పెట్టిన రోజుల్లోలాగే మెల్లగా అంది. “అయితే నాకూ ఒక పాత ధర రాసి కొట్టెయ్యండి అల్లుడుగారూ. అప్పుడైనా ఇంట్లో చోటు దొరుకుతుంది.”

గుమాస్తా ఒక్కో డబ్బా హాల్లోకి దించడం మొదలుపెట్టాడు. నూనె జిడ్డయిన దుప్పటి ఉతికి ఆరేదాకా, ఆ హాల్లోనే, ఆ డబ్బాల మధ్యనే, అత్తగారు మధ్యాహ్నందాకా కుర్చీలో కూర్చుంది. ఆవిడ వచ్చిందని తెలిసి వీధిలోవాళ్ళు పరామర్శకు వచ్చారు. ఇలాంటప్పుడు మనుషులే మనుషులకు తోడు. అందరూ గుమ్మంలో చెప్పులు విప్పి, మొహాలు విచారంగా పెట్టుకుని లోపలికి వచ్చి, డబ్బాలు చూసి, ఎక్కడ, ఎంత, ఇంకా ఉన్నాయా అని అడిగి, మళ్ళీ వస్తామని లేచారు. తగ్గింపును ప్రజల కోరికపై ఆ రోజుకు కూడా పొడిగించారట.

వచ్చినవాళ్ళలో ఒక్కరైనా, పెద్దావిడకు విరిగింది ఏ కాలు అని అడగలేదు. వాళ్ళను ఆడిపోసుకోవడానికి తొందరపడకండి. ఇంతసేపూ మీరు మాత్రం అడిగారా? నూనె ధర అడిగితే ఇప్పటికిప్పుడు చెప్పేస్తారు.