బీరువాలో వైఫై

ఉక్కు బీరువాను మించిన వస్తువును మానవజాతి ఇంతవరకు కనిపెట్టలేదని కంచరపాలెం గవర్రాజు సిద్ధాంతం. స్టీలు ప్లాంటులో ఫిట్టరు కాబట్టి ఆ సిద్ధాంతాన్ని కాదనే అర్హత ఇంట్లో ఇంకెవరికీ లేదు. అందుకే 'తరంగవాణి' ఇంటర్నెట్ సంస్థవారు తమ అతి చవక ప్లాను కింద వైఫై బాక్సు తెచ్చి, "ఇది సంస్థ ఆస్తి, పోతే మీదే బాధ్యత" అని చెప్పి వెళ్లగానే, అతను బీరువా వెనకరేకుకు ముచ్చటైన కన్నం పెట్టి, వైర్లు దూర్చి, బాక్సును పట్టుచీరల పక్కన కూర్చోబెట్టి తాళం వేశాడు.

"బీరువాలో పెడితే సిగ్నలెలాగొత్తాది బావా?" అంది భార్య ఈశ్వరి.

"వైర్లెస్సంటే ఏటనుకున్నావే? గోడల్లోంచే వత్తాదట. రేకొక లెక్కేటి?"

తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాడు. (వంశాచారం. వాళ్ల నాన్నకు బీరువా లేకపోయినా తాళంచెవి ఉండేది.) వైఫై వచ్చింది కదా, ఇంకా దండగెందుకని ఫోనుల్లో డేటా ప్యాకులు మాన్పించాడు. దాంతో ఆ ఇంట్లో నెట్ పూర్తిగా పోయింది.

తరంగవాణి నియమావళి ప్రకారం ఫిర్యాదు యాప్‌లోనే చేయాలి. యాప్ తెరుచుకోవాలంటే నెట్ ఉండాలి. (నెట్ ఉన్నవాడికి ఫిర్యాదెందుకన్న సందేహానికి జవాబు కూడా యాప్‌లోనే ఉంది.) గవర్రాజు బీరువా తెరిచి, బాక్సు పక్కన నిలబడి, నెట్ రావడం లేదని నెట్‌లోనే ఫిర్యాదు చేసి, మళ్లీ తాళం వేసేవాడు. కాసేపటికి సంస్థ నుంచి ఫోన్ వచ్చేది.

"లైట్లు వెలుగుతున్నాయా సార్?"

మళ్లీ బీరువా తెరిచేవాడు. "ఎలుగుతన్నాయి."

"నెట్ వస్తోందా?"

"ఇప్పుడొత్తంది."

"మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం."

'లోపం వినియోగదారుడి వైపు ఉన్నందున ఫిర్యాదు ముగించడమైనది' అని సందేశం వచ్చేది. (రోడ్డు తవ్వి కేబుల్ తెగ్గొట్టినా ఇదే సందేశం.) అతను తృప్తిగా తలుపు మూసేవాడు.

"తలుపేసినప్పుడే పోతంది బావా."

"కంపెనీవోళ్లకి తెలీంది నీకు తెలిసిపోయిందేటే?"

సీతమ్మధార బట్టలషాపులో రోజంతా నిలబడి కాళ్లు వాచిన ఈశ్వరికి, ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం ఒక్కటి దొరికితే చాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఆఖరికి వీడియో ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. పిలిచింది తరంగవాణి వారే, ఫిర్యాదుల విభాగానికి. ఇంటర్వ్యూ రోజు ఉదయం తాళంచెవి ఇచ్చి వెళ్లమని మరీమరీ చెప్పింది. గవర్రాజు సరేనని, మొలతాడుతో సహా డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఈశ్వరికి ఏడుపొచ్చింది. మొగుణ్ణి, మొలతాడును కలిపి తిట్టుకుంటూ ఫోనుతో ఇల్లంతా తిరిగింది. చివరికి బీరువాకూ గోడకూ మధ్య ఇరుక్కుని, కన్నం దగ్గర ముఖం పెడితే సిగ్నల్ కాస్త తొంగిచూసింది.

ఉపసంచాలకులు (అసౌకర్యాలు) అర్జునరావు గారు తెర మీదికి వచ్చారు. "నెట్ రావడం లేదని వినియోగదారుడు గొడవ పెడితే ఏం చెబుతారమ్మా?"

"మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్. ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి."

అర్జునరావు గారు ఏదో అనబోయారు. లైను తెగిపోయింది. ఈశ్వరి కన్నానికి ముఖం ఎంత ఆనించినా సిగ్నల్ మళ్లీ రాలేదు.

మర్నాడు ఉద్యోగం ఖాయమైనట్టు ఫోన్ వచ్చింది. ఎదుటివాడు నోరు తెరవబోయే క్షణంలోనే లైను తెంపగల నేర్పు, శిక్షణ పొందినవాళ్లలో కూడా తాము చూడలేదని అర్జునరావు గారు ప్రత్యేకంగా మెచ్చుకున్నారట.

ఉద్యోగమైతే వచ్చింది గానీ తాళంచెవి రాలేదు. ఈశ్వరి బీరువా వెనక్కి స్టూలు చేర్చుకుని పనిలోకి దిగింది. ఆదివారం ఆమె ఫోనులో కొత్త ఫిర్యాదు పడింది: కంచరపాలెం, గవర్రాజు, నెట్ రావడం లేదు. నియమం ప్రకారం ఫోన్ చేసింది. ముందుగదిలో మోగింది.

"నమస్కారం సార్, తరంగవాణి నుంచి. బాక్సు ఎక్కడుంది సార్?"

"ఈశ్వరీ, నువ్వేటే? బీరువాలోనే ఉంది కదా."

"తాళంచెవి సార్?"

"నా మొలతాడుకి."

"లోపం వినియోగదారుడి వైపు ఉన్నట్టు రాసుకుంటున్నాను సార్" అని లైను తెంపేసింది.

ఆ మాట నిజమని తెలిసి రాసిన ఉద్యోగి, సంస్థలో ఆమే మొదటిది.