చౌల్దారీలో గోప్యతా వారోత్సవం

మా తెలుగు సంక్షేమ సంఘం ఈ ఏడాది మా దీవుల్లోని చౌల్దారీ ఊళ్లో గోప్యతా వారోత్సవాన్ని దిగ్విజయంగా జరిపిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. సామాజిక మాధ్యమాల్లో వ్యక్తిగత సమాచారాన్ని కాపాడుకోవడం ఎంత అవసరమో ఇంటింటికీ చాటడం దీని ఆశయం. ప్రారంభ సభకు వచ్చినవారి ఫోటోలు పేర్లతో, ఫోన్ నంబర్లతో సహా ఆ సాయంత్రమే ఫేస్‌బుక్‌లో దర్శనమిచ్చాయి.

ఈ రంగంలో సంఘం అనుభవం చిన్నది కాదు. ఫీనిక్స్ బే రేవులో ఓడ టికెట్ల వరుస ఎంత పొడవో ద్వీపవాసులకు చెప్పనక్కరలేదు. అందరూ ఎండలో నిలబడడం వృథా కనుక, ఆనాడు ఎవరు వరుసలో ఉంటే వారే తక్కినవారికీ టికెట్లు తీసే సదాచారం మనలో ఉంది. ప్రయాణం కావలసినవారు తమ గుర్తింపు కార్డు ఫోటోను, ఫోన్ నంబరును సంఘం వాట్సాప్ గ్రూపులో పెడితే చాలు. ఎవరి వయసెంతో, ఎవరు ఎవరితో ఏ దీవికి వెళుతున్నారో గ్రూపులో అందరికీ తెలిసిపోతుంది. తెలియనిది ఓడ బయలుదేరే సమయం ఒక్కటే.

ఇంత చక్కని ఏర్పాటు కళ్యాణి అనే ఉపాధ్యాయురాలికి నచ్చలేదు. ఒక యువకుడు ఆమెను చాలాకాలంగా ఫోన్లతో, సందేశాలతో వేధిస్తున్నాడు. ఆమె నంబరు మార్చుకుంది. వేరే దీవిలో ఉన్న రంగత్‌లోని బడికి బదిలీ కూడా కోరి తెచ్చుకుంది. తన కొత్త నంబరు గానీ, వెళ్లే ఊరు గానీ తల్లికి, బడికి తప్ప మరెవరికీ తెలియకూడదన్నది ఆమె విపరీతమైన కోరిక. వారోత్సవం మధ్యలో ఒక ఉదయం, వరుసలో ఉన్న సంఘ కార్యదర్శి ఉమేష్‌కు ఒక్కడికే కార్డు పంపి, దయచేసి గ్రూపులో పెట్టవద్దని వేడుకుంది.

ఉమేష్ మాట తప్పే మనిషి కాడు. అయితే అతనికి మధ్యలో ఏదో పని తగిలింది. వరుసలో ఉన్న మరో సభ్యుడికి ఆమె టికెట్టు తీసే పని అప్పగించవలసి వచ్చి, అలవాటు ప్రకారం కార్డును గ్రూపులోనే పెట్టాడు. బాధ్యత మరవకుండా దాని కింద, "కళ్యాణి దీదీ కొత్త నంబర్. రంగత్ ట్రాన్స్‌ఫర్. కాన్ఫిడెన్షియల్. బయట ఎవరికీ చెప్పొద్దు" అని రాశాడు. సభ్యులందరూ నమస్కారాల బొమ్మలతో ఆమోదం తెలిపారు. వారిలో ఆ యువకుడూ ఒకడు. టికెట్టు ఆమె చేతికి అందక ముందే అతని ఫోన్ అందింది.

కళ్యాణి సంఘాధ్యక్షులు గవరయ్యగారి ఇంటికి వెళ్లింది. ఆయన ఓడరేవులో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. ఆమె చెప్పిందంతా ఓపికగా విని, ఓదార్చారు.

"నంబర్ మారితే మనోళ్లకి తెలవాల కదమ్మా. అందరం అప్నా లోగ్. మన్లో మనకి దాపరికం ఏటి?"

"అతనికి తెలియకూడదనే మార్చాను మామయ్యా."

"ఆడూ మనోడే కదమ్మా."

ఈ వాదనతో విషయం తేలిపోయింది కనుక విచారణకు ఆదేశించారు. విచారణ పారదర్శకంగా ఉండాలని ఆమె ఫిర్యాదును, ఆ యువకుడు పంపిన సందేశాలను గ్రూపులో పెట్టి అభిప్రాయాలు కోరారు. స్పందన అపారం. ఫోను ఎత్తకపోతే సరిపోయేది కదా అని బుల్లమ్మగారనే సభ్యురాలు సెలవిచ్చారు. ఆమె పాత ఫోటో ఒకటి వెతికి తీసి, అందులో నవ్వు కాస్త ఎక్కువగా ఉందని మరొక సభ్యుడు సాంకేతిక పరిశీలన చేశారు. సందేశాలు పంపినవాడి పేరు మాత్రం పెట్టేముందు జాగ్రత్తగా చెరిపేశారు.

ముగింపు సభలో గవరయ్యగారు మైకు పట్టుకుని, మన సమాచారం మన ప్రాణంతో సమానమని, దానిని రక్షించడంలో ఈ దీవులు దేశానికే ఆదర్శమని ప్రకటించారు. చప్పట్లు ఆగాక కళ్యాణి లేచి నిలబడింది. ఆ యువకుడి పేరు తానే చెబుతానంది.

గవరయ్యగారు కంగారుపడ్డారు. "వద్దమ్మా. అది పర్సనల్ ఇన్ఫర్మేషన్. రేపు సంబంధాలు రావాల, కుర్రోడి ఫ్యూచర్ ఖరాబైపోద్ది."

"మరి నా పేరు?"

"నీ పేరు అందరికీ తెలిసిపోయిందే కదా. ఇంకేటి దాస్తాం?"

సభ మళ్లీ చప్పట్లు కొట్టింది. ఆ వారమంతటిలో ఒక మనిషి సమాచారమైనా భద్రంగా మిగిలిందని నేను ధ్రువీకరించగలను.

కళ్యాణి చప్పట్లు ముగిసేదాకా ఆగలేదు. అక్కడినుంచి తిన్నగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లి, తన ఫోను బల్లమీద పెట్టి, అతని పేరు చెప్పింది. పోలీసులు అతణ్ణి పిలిపించారు. ఫోన్లు ఆగిపోయాయి. ఇంటి విషయం బయటపెట్టిందని ఆమెపై విచారం వ్యక్తం చేస్తూ సంఘం ఒక తీర్మానం చేసింది. ఫోన్లు ఆగిపోవడాన్ని వారోత్సవం సాధించిన ఫలితాల్లో చేర్చింది.

ఆమె ఇప్పుడు రంగత్‌లో లేదు. ఎక్కడ పనిచేస్తున్నదో నాకు తెలుసు, చెప్పను. కళ్యాణి అన్నది కూడా ఆమె అసలు పేరు కాదు. ఇంతదాకా చదివిన మీకు ఆమె, ఆ యువకుడు ఈ ఇద్దరిలో ఒకరి అసలు పేరు తెలుసుకోవాలని తప్పక అనిపించి ఉంటుంది. ముందుగా అనిపించింది ఎవరి పేరో నాకు చెప్పకండి. అది మాత్రం మీరు నిజంగా దాచుకోవలసిన సమాచారం.